అగస్త్యమలై చెప్పు ఆర్కిడ్: కుండీల్లో పూసే మొక్క తన కొండమీద ఎందుకు కరవైంది?

పశ్చిమ కనుమలు దక్షిణాన ముగిసే చోట, కేరళ, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దు మీద అగస్త్యమలై కొండలున్నాయి. ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆర్కిడ్ ఒకటుంది. దాని శాస్త్రీయ నామం పాఫియోపెడిలమ్ డ్రూరీ. పువ్వు కింది రేక సంచిలా ఉబ్బి, ముందువైపు మూసిన చెప్పును పోలి ఉంటుంది. అందుకే గ్రీకుల ప్రణయదేవత ఆలయానికి ప్రసిద్ధమైన పాఫోస్ పట్టణం పేరునూ, గ్రీకులో పాదరక్ష అనే అర్థమున్న మాటనూ కలిపి ఈ ప్రజాతికి, అంటే దగ్గరి సంబంధమున్న జాతుల సమూహానికి, పాఫియోపెడిలమ్ అని నామకరణం చేశారు. పసుపు రంగు పువ్వు, రేకల నడుమ నిలువునా సాగే ముదురు గోధుమ చార, కాడకు ఒకే పువ్వు ఉండటం వల్ల ఒకసారి చూసినవారు దీనిని మరో జాతితో పొరబడటం కష్టం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్ర జాబితాలో ఇది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల వర్గంలో ఉంది.

ఇదే మొక్క విదేశీ ఆర్కిడ్ పెంపకందారుల గ్రీన్‌హౌస్‌లలో దశాబ్దాలుగా పూస్తోంది, గింజ కడుతోంది, సంకర జాతులకు తల్లిగానో తండ్రిగానో ఉపయోగపడుతోంది. కుండీలో ఇంత సులువుగా బతికే మొక్క పుట్టిన చోట ఎందుకు బతకలేకపోతోందన్న ప్రశ్నకు "దోచుకుపోయారు కనుక" అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. అది నిజమే గాని సగం నిజం. దోపిడీ ఆగిన తరువాత కూడా మొక్కలు తమంతట తాము మళ్లీ ఎందుకు పెరగలేదో ఆ సమాధానం చెప్పదు. అది తెలియాలంటే ఈ మొక్క పెరిగే నేలను, దాని విత్తనాన్ని, దాని పువ్వును విడివిడిగా పరిశీలించాలి.

ఈ జాతి ఉనికే మొదటి నుంచి ఒక చిక్కుముడి. పాఫియోపెడిలమ్ ప్రజాతిలోని జాతులు భారతదేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా సాలమన్ దీవుల వరకు వ్యాపించి ఉన్నాయి. మన దేశంలో ఉన్నవి డ్రూరీ మినహా అన్నీ హిమాలయ పాదాల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ పెరిగేవే. దక్షిణ భారతంలో ఇదొక్కటే. సిక్కిం కొండల నుంచి అగస్త్యమలైకి సూటిగా గీత గీస్తే దూరం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. నడుమ ఎక్కడా దీని బంధువులు లేవు. ఇలాంటి ఎడబాటు ఈ ఒక్క మొక్కకే పరిమితం కాదు. హిమాలయాల్లో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ నీలగిరుల్లోనూ కనిపిస్తుంది. ఒకప్పుడు వాతావరణం మరింత చల్లగా ఉన్న యుగాల్లో ఈ మొక్కల పూర్వీకులు మధ్య భారతపు కొండల మీదుగా దక్షిణానికి చేరి, తరువాత నేల వేడెక్కినప్పుడు ఎత్తైన శిఖరాలపై మాత్రమే మిగిలిపోయి ఉంటాయన్నది శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన వివరణల్లో ఒకటి. అదే నిజమైతే డ్రూరీ ఆర్కిడ్ ఉంటున్నది తాను ఎంచుకున్న ఇంట్లో కాదు, వరద తగ్గాక మిగిలిన దిబ్బమీద.

బాహ్య ప్రపంచానికి ఈ మొక్క తెలిసింది 1865లో. తిరువాన్కూరు కొండల నుంచి దీనిని వెలుగులోకి తెచ్చిన కర్నల్ హీబర్ డ్రూరీ పేరే దీనికి నిలిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1874లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. అప్పట్లో ఈ తరహా పువ్వులన్నింటినీ సిప్రిపీడియమ్ అనే ప్రజాతి కిందనే లెక్కించేవారు. ఈ కొండ అప్పటికే శాస్త్రానికి కొత్త కాదు. తిరువనంతపురం వేధశాల అధిపతి జాన్ అలన్ బ్రౌన్ 1850ల్లోనే అగస్త్య శిఖరం మీద అయస్కాంత, వాతావరణ పరిశీలనల కోసం ఒక కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆ శిఖరంపై గాలి, మంచు, వాన ఎంత విపరీతమో ఆనాటి పరిశీలకులకు అనుభవమే.

ఆ విపరీతమే మొక్కకు కావలసిన స్థితి. పాఫియోపెడిలమ్ జాతుల్లో అధిక భాగం అడవి నేలపై, దట్టమైన చెట్ల నీడలో, రాలిన ఆకుల పొరలో పెరుగుతాయి. నీడలో బతికే చాలా జాతుల ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చల గళ్లు పరచినట్టుంటాయి. డ్రూరీ ఆకులు అలా కావు. మందంగా, బిరుసుగా, ఒకే ఆకుపచ్చలో ఉంటాయి. ఇది దాదాపు 1400 నుంచి 1550 మీటర్ల ఎత్తులో, చెట్లు పలచబడి గడ్డి, రాయి కలిసిన వాలులపై, బాగా వెలుతురు పడే చోట పెరుగుతుంది. మైదానంతో పోలిస్తే ఆ ఎత్తున ఉష్ణోగ్రత సుమారు తొమ్మిది పది డిగ్రీలు తక్కువ. రాతి పగుళ్లలోనూ, బండలపై పేరుకున్న పలుచని ఆమ్ల స్వభావపు మట్టిలోనూ దీని వేళ్లు పాకుతాయి. ఇతర జాతుల్లా ఒకే కుదురుగా కాకుండా, దీని కొమ్ము, అంటే పసుపు కొమ్ములా నేలలో ఉండే కాండం, పైపొరలో అడ్డంగా సాగుతూ, కొంత దూరానికొక పిలకను లేపుతుంది. పలుచని మట్టిలో పట్టు కోసం ఇది అనువైన పద్ధతే, కానీ కొమ్ము పైపైనే ఉండటం వల్ల నిప్పుకూ, గడ్డపారకూ కూడా అంతే సులువుగా దొరుకుతుంది.

నీటి సంగతి మరింత సున్నితం. చాలా ఆర్కిడ్లకు కాండం మొదట్లో ఉబ్బిన గడ్డల వంటి భాగాలుంటాయి. అవి నీటిని నిల్వ చేసి ఎండకాలాన్ని దాటిస్తాయి. పాఫియోపెడిలమ్‌లకు అవి లేవు. కాబట్టి వేళ్ల చుట్టూ తేమ ఎప్పుడూ పూర్తిగా ఆరిపోకూడదు. అలాగని నీరు నిలవకూడదు. నిలిస్తే ఆకుల మొదలు కుళ్లి రోజుల వ్యవధిలో మొక్క పోతుంది. ఈ రెండు షరతులనూ ఏకకాలంలో తీర్చగలిగేది వాలుగా ఉన్న రాతి నేల, ఎడతెగని మంచుతెర. అగస్త్యమలైకి నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ వాననిస్తాయి గనుక ఎండిన నెలలు తక్కువ. ఆ నెలల్లోనూ శిఖరాల చుట్టూ మబ్బు కమ్ముకుని ఆకులను తడుపుతుంది. ఈ ప్రజాతి ఆకులకు సంబంధించి ఒక విచిత్రం ఇక్కడ చెప్పుకోవాలి: ఆకుపై గాలి రాకపోకలను నియంత్రించే రంధ్రాల అంచున ఉండే రక్షక కణాల్లో సాధారణంగా హరితరేణువులుంటాయి, పాఫియోపెడిలమ్‌లలో అవి లేవు. ఆ రంధ్రాలు నెమ్మదిగా, పొదుపుగా తెరుచుకుంటాయి. నీరు ఆదా అవుతుంది గాని పెరుగుదల కూడా నత్తనడకే. మొలక నుంచి తొలి పువ్వు వరకు ఏళ్లు పడుతుంది. ఒక పెద్ద మొక్కను పెకలిస్తే ఆ ఖాళీ నిండటానికి ఎంత కాలం కావాలో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అసలు చిక్కు ఈ వెలుతురులోనూ, తేమలోనూ లేదు. వాటిని గ్రీన్‌హౌస్‌లో కల్పించవచ్చు. పెంపకందారులు బెరడు ముక్కలు నింపిన వెడల్పాటి, లోతు తక్కువ కుండీలో నాటి, మంచి వెలుతురు చూపి, చలికాలంలో నీరు తగ్గించి కల్పిస్తూనే ఉన్నారు. చిక్కంతా విత్తనంలో ఉంది.

మనం తినే పప్పుగింజలోనో, వరిగింజలోనో మొలకకు కావలసిన ఆహారం ముందే మూటగట్టి ఉంటుంది. ఆర్కిడ్ విత్తనానికి ఆ మూట లేదు. అంకురచ్ఛదం లేదు, బీజదళాలు లేవు. కొద్దిపాటి కణాల పిండం, దాని చుట్టూ గాలి నిండిన పలుచని సంచి, అంతే. అందుకే ఒక్క కాయలో వేలకొద్దీ విత్తనాలు పడతాయి, ధూళిలా గాలికి ఎగిరిపోతాయి. అలా ఎగిరి నేల చేరిన విత్తనం తనంతట తాను మొక్క కాలేదు. సరైన శిలీంధ్రం తారసపడి, తన తంతువును విత్తనంలోకి చొప్పిస్తే, పిండం ఆ తంతువులను కణాల్లో చుట్టలు చుట్టలుగా పెరగనిచ్చి, క్రమంగా వాటిని జీర్ణించుకుని చక్కెరలు, ఖనిజాలు సంపాదిస్తుంది. ఆకు వచ్చే వరకు, నెలల తరబడి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం, ఆ మొలక పచ్చదనం లేని చిన్న ముద్దగానే శిలీంధ్రం పెట్టే తిండి మీద బతుకుతుంది. ఆ ముద్దను ప్రోటోకార్మ్ అంటారు. ఆర్కిడ్ విత్తనం మొలవడానికి శిలీంధ్రం అవసరమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో గుర్తించాడు. అంతకు ముందు తోటమాలులు తల్లి మొక్క మొదట్లో విత్తనం చల్లితే కొంత మొలుస్తుందని గమనించారు గాని కారణం తెలియలేదు. తల్లి వేళ్లలోని శిలీంధ్రమే ఆ కారణం.

చెట్టు మీద పెరిగే ఏ మొక్కనైనా బదనిక అనడం, దానిని పరాన్నభుక్కుగా భావించడం మనకు అలవాటు. చెట్టు కొమ్మలపై పెరిగే ఆర్కిడ్లు చెట్టు రసాన్ని పీల్చవు, దానిని నిలువడానికి ఆధారంగా మాత్రమే వాడుకుంటాయి కాబట్టి ఆ నింద వాటికి చెల్లదు. నిజంగా ఒకరి సొమ్ము తినే దశ ఆర్కిడ్ జీవితంలో ఉంది, అయితే అది నేల కింద, మన కంటికి కనబడని దశ. తినేది చెట్టు సొమ్ము కాదు, శిలీంధ్రానిది.

పాఫియోపెడిలమ్ వేళ్లలో ఎక్కువగా కనిపించేవి తులాస్నెల్లా వర్గపు శిలీంధ్రాలు. ఇవి కుళ్లుతున్న ఆకులూ, గడ్డి వేళ్లూ ఉన్న నేలలో బతుకుతాయి. అంటే నేలలోని తేమ, ఆకుల పొర, గడ్డి రకం మారితే ముందు మారేది శిలీంధ్రం. ఆర్కిడ్ మీద దాని ప్రభావం ఎంతో ఆలస్యంగా తెలుస్తుంది. పెద్ద మొక్కకు ఆకులున్నాయి, అది శిలీంధ్రం బలహీనపడినా కొన్నేళ్లు నిలుస్తుంది, పూస్తుంది, కాయ కూడా కాస్తుంది. చూసేవారికి ఆ చోటు ఆరోగ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక్క మొలక కూడా పుట్టడం లేదన్న సంగతి నేలపై మోకరిల్లి వెతికితే తప్ప బయటపడదు. నా దృష్టిలో అరుదైన ఆర్కిడ్ల లెక్కల్లో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే: పూసిన మొక్కలను లెక్కిస్తాం, పుట్టిన మొలకలను లెక్కించం.

పువ్వు వైపు నుంచి చూసినా పరిస్థితి అంత ధీమాగా లేదు. చెప్పు ఆర్కిడ్ల పువ్వుల్లో మకరందం ఉండదు. ఆశపడి వాలిన కీటకం జారి సంచిలో పడుతుంది. లోపలి గోడలు నున్నగా ఉండటం వల్ల వచ్చిన దారిన తిరిగి ఎక్కలేదు. వెనుకవైపు నూగు మెట్లలా ఉన్న ఒక్క దారి మాత్రమే తెరిచి ఉంటుంది. ఆ ఇరుకు దారిలో ముందు పుప్పొడిని అందుకునే కీలాగ్రం, ఆ తరువాత పుప్పొడి తగులుతాయి. అందువల్ల కీటకం మునుపటి పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడిని ముందు ఇక్కడ అంటించి, పోతూ పోతూ ఈ పువ్వు పుప్పొడిని వీపుకు పూసుకుని వెళుతుంది; పువ్వు పుప్పొడి అదే పువ్వుకు అంటుకునే అవకాశం తగ్గుతుంది. ఇంత చక్కని యంత్రాన్ని మొదట డార్విన్ కూడా తప్పుగానే అర్థం చేసుకున్నాడు. కీటకం బయట నిలబడే తన తొండాన్ని లోపలికి చాచుతుందని అనుకున్న ఆయన, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆసా గ్రే సూచన తరువాత ఉత్తర అమెరికాకు చెందిన చెప్పు ఆర్కిడ్ పువ్వులోకి ఒక చిన్న తేనెటీగను వదిలి, అది వెనుక దారి గుండా పుప్పొడి పూసుకుని బయటపడటం చూసి తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు.

ఈ ప్రజాతిలో పరాగసంపర్కాన్ని అధ్యయనం చేసిన పలు జాతుల్లో ఈ మోసానికి లోనయ్యేవి సిర్ఫిడ్ ఈగలు. వాటి పిల్లపురుగులు పేనుబంకను తిని పెరుగుతాయి కనుక తల్లి ఈగ పేనుబంక ఉన్న చోటే గుడ్లు పెడుతుంది. కొన్ని జాతుల పువ్వుల మీది నల్లని బొడిపెలు పేనుబంక గుంపును తలపిస్తాయి. ఎర ఏదైనా మోసం మోసమే. మోసపోయిన కీటకం రెండోసారి జాగ్రత్త పడుతుంది. అందుకే మకరందం లేని ఆర్కిడ్లలో పూసిన పువ్వుల్లో కొద్దిపాటివే కాయలవుతాయి. మొక్కలు వందల్లో ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి కాయలు, వాటిలోని వేల విత్తనాలు సరిపోతాయి. అక్కడొకటి ఇక్కడొకటి మిగిలినప్పుడు ఒక పువ్వు నుంచి బయటపడిన ఈగ మరో పువ్వును చేరే అవకాశమే సన్నగిల్లుతుంది. దోపిడీ ఆగిన తరువాత కూడా మొక్కలు ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు సమాధానంలో పెద్ద భాగం ఇదే: ఒక సంఖ్య కంటే తగ్గాక, తగ్గడానికి ఇక మనిషి చేయి అక్కర్లేదు.

దోపిడీ చిన్నదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆర్కిడ్ల మోజు ఎంతగా ఉండేదంటే, హిమాలయాలకు చెందిన పాఫియోపెడిలమ్ ఫెయిరియానమ్ 1857లో అక్కడ పూసి, ఆ తరువాత తోటల నుంచి కనుమరుగైతే, దానిని మళ్లీ తెచ్చినవారికి సాండర్ అనే వ్యాపారి వెయ్యి పౌండ్ల బహుమతి ప్రకటించాడు. డ్రూరీ ఆర్కిడ్ చాలా కాలం మరుగున ఉండి, 1970ల్లో మళ్లీ సేకరణదారుల కంటబడింది. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే కొండవాలుల నుంచి మొక్కలను పెద్దయెత్తున పెకలించుకుపోయారు. ఇది పాతకాలపు కథ కూడా కాదు. వియత్నాంలో 1999లో శాస్త్రానికి పరిచయమైన పాఫియోపెడిలమ్ వియత్నామెన్స్ కొన్నేళ్లలోనే అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కొత్త జాతిని కనుగొన్నామని స్థలంతో సహా ప్రకటించడం మొక్కకు మరణశాసనం కావచ్చునన్న భయంతో వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ వివరాలను దాచుతున్నారు.

ఇక్కడ న్యాయమైన సందేహం ఒకటి తలెత్తుతుంది. కణజాల వర్ధనంతో ఆర్కిడ్లను లక్షల్లో తయారు చేస్తున్న ఈ రోజుల్లో అడవి మొక్కకు గిరాకీ ఎందుకుండాలి? పూల దుకాణాల్లో కనబడే ఫెలినాప్సిస్ వంటివి నిజంగానే అలా తయారవుతాయి; ఒక మంచి మొక్క నుంచి చిన్న కణజాల ముక్క తీసి అచ్చుగుద్దినట్టు వేల మొక్కలు పుట్టిస్తారు. పాఫియోపెడిలమ్ ఆ పద్ధతికి సులువుగా లొంగదు. దానిని ప్రధానంగా విత్తనం నుంచే పెంచాలి. శిలీంధ్రం లేకుండానే, చక్కెర, ఖనిజ లవణాలు కలిపిన గడ్డకట్టిన మాధ్యమంపై సీసాలో ఆర్కిడ్ విత్తనం మొలిపించవచ్చని అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ 1922లో నిరూపించిన నాటి నుంచి ఆ దారి తెరిచే ఉంది. అయితే సీసాలో మొలిచిన పిల్ల పూయడానికి ఏళ్లు పడుతుంది, ఏ రెండు పిల్లలూ ఒకేలా ఉండవు. ఓపిక లేని కొనుగోలుదారుకు అడవి నుంచి పెకలించిన, రేపో మాపో పూసే మొక్క చౌకగా కనబడుతుంది.

చట్టం తన వంతు చేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ మొదటిసారిగా మొక్కలకు రక్షణ కల్పిస్తూ ఆరు వర్గాలను ఆరో షెడ్యూలులో చేర్చింది. వాటిలో పాఫియోపెడిలమ్ జాతులన్నీ ఉన్నాయి. అదే చిన్న జాబితాలో తిరుపతి, కడప కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమై కూడా ఉండటం, దాని పేరులో ఉన్నది ఈ ఆర్కిడ్‌ను వర్ణించిన బెడ్డోమే కావడం యాదృచ్ఛికమే అయినా తెలుగువారికి గుర్తుండే విషయం. 2022 సవరణ తరువాత మొక్కలు మూడో షెడ్యూలులోకి మారాయి. అంతర్జాతీయంగా 1990 నుంచి ఈ ప్రజాతి మొత్తం, ముప్పులో ఉన్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి తీసిన మొక్కల వాణిజ్యం నిషిద్ధం. కృత్రిమంగా పెంచిన తల్లి మొక్కల విత్తనంతో సీసాలో మొలిపించిన పిల్లలకు మాత్రం, ఆ సీసాతోనే పంపితే, మినహాయింపు ఉంది. ఈ మినహాయింపును కొందరు లొసుగంటారు. నాకు అలా అనిపించదు. చట్టబద్ధమైన మొక్క సులువుగా దొరికినప్పుడే దొంగ మొక్కకు విలువ తగ్గుతుంది.

చట్టం చేయలేనిది ఏమిటంటే, కొండను పైకి లేపడం. అగస్త్య శిఖరం ఎత్తు 1868 మీటర్లు. ఆర్కిడ్ పెరిగేది సుమారు 1500 మీటర్ల దగ్గర. వాతావరణం వేడెక్కి, మబ్బు పట్టే ఎత్తు పైకి జరిగితే మొక్క ఎక్కడానికి మిగిలేది దాదాపు మూడు నాలుగు వందల మీటర్లే, అందులోనూ పైకి పోయేకొద్దీ నేల వైశాల్యం తగ్గి, బోసి రాయి పెరుగుతుంది. మరోవైపు గడ్డికి అంటుకునే మంటలు పైపొరలోని కొమ్మును, ఆకుల పొరను, దానితో పాటు శిలీంధ్రాన్ని కాల్చివేస్తాయి. మంటలను పూర్తిగా అరికడితే సమస్య తీరుతుందా అంటే అదీ సందేహమే. వెలుతురు కోరే మొక్క కనుక పొదలు కమ్ముకుంటే నీడలో క్షీణిస్తుంది.

తిరువనంతపురం దగ్గర పాలోడ్‌లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ ఈ జాతిని ప్రయోగశాలలో పెంచి, అడవిలో తిరిగి నాటే దిశగా కృషి చేసింది. ఇలాంటి పనిలో సీసా నుంచి కొండకు దూరం చాలా ఎక్కువ. చక్కెర తిని పెరిగిన పిల్లకు శిలీంధ్రంతో పరిచయం లేదు, గాలివానతో పరిచయం లేదు. అందుకే ముందు అదే కొండ మొక్కల వేళ్ల నుంచి శిలీంధ్రాన్ని వేరు చేసి, దానితో కలిపి పిల్లలను పెంచి, ఆ తరువాత నాటడం మేలైన పద్ధతి. నాటిన మొక్క బతికితే సగం విజయమే. అది కాసిన కాయ నుంచి, మనిషి సాయం లేకుండా, ఒక కొత్త మొలక పుట్టాలి. బ్రిటన్‌లో తమ చెప్పు ఆర్కిడ్ 1917లో అంతరించిందని నమ్మి, 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్కను కనుగొని, దశాబ్దాలపాటు కాపలా కాసి, దాని విత్తనంతో పిల్లలను పెంచి నాటుతున్నవారు కూడా ఎదురుచూసింది ఆ మొలక కోసమే.

ఆ మొలక ఎక్కడ పుట్టగలదో ముందే తెలుసుకునే ఉపాయం ఒకటుంది, అదీ చాలా నిరాడంబరమైనది. పాతకాలపు ఫొటో స్లైడు చట్రం లాంటి దానిలో, విత్తనం జారిపోనంత సన్నని నైలాను వలల నడుమ చిటికెడు ఆర్కిడ్ విత్తనాలను ఉంచి, గుర్తు కోసం దారం కట్టి, కొండవాలుపై వేర్వేరు చోట్ల, తల్లి మొక్క దగ్గర, దూరంగా, గడ్డిలో, రాతి పగులులో, కాలిన నేలలో వేలెడు లోతున పాతిపెడతారు. వల గుండా విత్తనం బయటికి పోదు, శిలీంధ్రపు తంతువు మాత్రం లోపలికి రాగలదు. ఒక ఏడాదికో రెండేళ్లకో తవ్వి తీసి సూక్ష్మదర్శిని కింద పరిచి చూస్తారు. చాలా పొట్లాల్లో విత్తనాలు పాతినప్పుడు ఉన్నట్టే, పొడిగా, ఖాళీగా కనబడతాయి. ఏదో ఒక పొట్లంలో మాత్రం ఒకటి రెండు విత్తనాలు ఉబ్బి, తెల్లగా మెరుస్తూ, సన్నని నూగు వేళ్లతో ఉంటే, మొక్కలను నాటవలసింది ఆ పొట్లం దొరికిన చోటే.